నీ కథల నర్సుకు పేరేంది తమ్మీ

తమ్మీ,

నీ కథ అందింది. రెండుసార్లు చదివిన, ఒకసారి దేవరకొండ బస్సుల, ఇంకోసారి రాత్రి అన్నం తిన్నంక మంచం మీద కూసొని. ముందుగాల మంచి ముచ్చట చెప్త. మర్రిగూడ నుంచి నల్లగొండ దాకా ముసలి తండ్రిని ఆటోల అడ్డం పండబెట్టి తెచ్చుడు, నీళ్లల్ల ఉండే ఫ్లోరైడ్ తోటి బిగుసుకపోయిన ఆయన వీపు గతుకు వచ్చినప్పుడల్లా రేకుకు కొట్టుకునుడు, కొడుకు తన చెయ్యి అడ్డం పెట్టుడు, అది చదువుతుంటే నా నడుము నొచ్చింది. ఆ రెండు పేజీలల్ల ఒక్క అక్షరం గూడ ముట్టుకోకు.

దవాఖాన గేటు దాటినంకనే కథ చేతుల నుంచి జారింది. డాక్టరుకు పేరు పెట్టినవ్, ఊరు పెట్టినవ్, కండ్లద్దాలు తీసి తుడుచుకునే అలవాటు గూడ పెట్టినవ్. నర్సు నాలుగుసార్లు వస్తది నీ కథల, నేను పెన్నుతోటి గీత కొట్టి లెక్కవెట్టిన, నాలుగుసార్లల్ల ఒక్కపారి గూడ ఆమెకు పేరు లేదు, మొఖం లేదు. "డాక్టర్ గారు వచ్చారు, చూశారు, భుజం తట్టారు" అని రాసినవ్. దాని కింది లైన్లనే "నర్సు వచ్చింది, సూది గుచ్చింది, విసుక్కుంది, వెళ్లిపోయింది" అని రాసినవ్. నువ్వు కావాలని రాయలేదు తమ్మీ, నాకెరుకే, నీ చెయ్యి దానంతట అదే అట్ల పోయింది. మనం చిన్నప్పటి నుంచి విన్న తెలుగే అట్లున్నది, మన భాషల మర్యాద అంతా క్రియ తోకల ఉంటది, వచ్చారు కాడ ఒక లెక్క, వచ్చింది కాడ ఒక లెక్క. ఆడమనిషి గాబట్టి "వచ్చింది" అన్న అంటవేమో, మరి నీ కథల స్కానింగ్ కాడ లేడీ డాక్టర్ ఉన్నది గదా, ఆమెకు "మేడం గారు చెప్పారు" అనే రాసినవ్, పోయి చూసుకో.

మన మాటలు గూడ ఒకసారి యాది చేస్కో. డాక్టరుకు వైద్యో నారాయణో హరిః అని సంస్కృతం ఉన్నది, సదువు రానోళ్లు గూడ అంటరు. మరి నర్సు పని చేసిన మనిషికి మనోళ్లు ఏం ఇచ్చిండ్రు? మంత్రసానితనం ఒప్పుకున్నంక ఏదొచ్చినా పట్టాల్సిందే అని సామెత ఇచ్చిండ్రు. ఒకరికి శ్లోకం, ఇంకొకరికి సామెత, అది గూడ ఎత్తిపొడిచే సామెత. నా చిన్నప్పుడు మా ఊర్ల కాన్పులన్ని ఒక్క మంత్రసాని చేతుల మీదనే అయ్యేటివి. బొడ్డు కోసేది ఆమెనే, మావి తీసి బొంద వెట్టేది ఆమెనే, పసిగుడ్డుకు మొదటి నీళ్లు పోసేది ఆమెనే, పని అయినంక ఆమెకు వాకిట్ల ఆకేసి అన్నం పెట్టేటోళ్లు, కడప దాటనియ్యకపోయేది. రక్తం, ఉచ్చ, దొడ్డికి, చీము ముట్టుకునే పని గాబట్టి మైల అన్నరు. ఇప్పుడు దవాఖానలు వచ్చినయ్, మూడేండ్ల జీఎన్ఎం అనే నర్సింగ్ డిప్లొమా, నాలుగేండ్ల బీఎస్సీ నర్సింగ్ సదువులు వచ్చినయ్, సర్కారు దవాఖానల్ల స్టాఫ్ నర్సు అనుడు మానేసి నర్సింగ్ ఆఫీసర్ అనబట్టిండ్రు, గని మన మనసుల ఆ వాకిలి ఇంకా అట్లనే ఉన్నది. నీ కథ రాసేటప్పుడు ఆ వాకిలి నీకు కనవడాలె, ఆమెను బయటనే నిలబెట్టినవని నీకు తెల్వాలె.

నేనేదో పెద్ద మనిషినని నీకు చెప్తలేను, ఈ తప్పు నేనే చేసిన. మా అమ్మకు పక్షవాతం వచ్చినప్పుడు 23 రోజులు వార్డుల ఉన్నం. ఏ దవాఖాననో చెప్ప, అవసరం లేదు. మా అమ్మది గూడ నీ కథల తండ్రి లెక్కనే బోరు నీళ్లు తాగి బిగుసుకపోయిన ఒళ్లు, మెడ తిరగదు, వీపు వంగదు. అసొంటి మనిషిని పక్కకు తిప్పాలంటే మెడ ఒక దిక్కు నడుము ఒక దిక్కు పోవద్దు, మొద్దును దొర్లించినట్టు మొత్తం ఒక్కసారే తిప్పాలె, ఒక్కరితోటి అయ్యే పని కాదు. రాత్రి డ్యూటీల ఒక సిస్టర్ ఉండేది, దగ్గర దగ్గర 40 మంచాలకు ఆమె ఒక్కతే. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ లెక్క ప్రకారం మెడికల్ కాలేజీ దవాఖాన జనరల్ వార్డుల ముగ్గురు రోగులకు ఒక నర్సు ఉండాలె, మామూలు దవాఖానల అయిదుగురికి ఒకరు. ఆ లెక్క నాకు అప్పుడు తెల్వదు, ఆమె ఎందుకు ఉరుకుతున్నదో గూడ తెల్వదు, మనిషి జర కోపిష్టిది అనుకున్న.

రెండు గంటలకోసారి వచ్చి నన్ను లేపేది. "లే అన్నా, అమ్మను తిప్పుదాం." భుజం కింద చెయ్యి ఎట్ల పోనియ్యాలె, మోకాళ్ల నడుమ దిండు ఎట్ల పెట్టాలె నేర్పింది. తిప్పినంక సెల్లు లైటు కొట్టి వీపంతా చూసేది, తుంటి బొక్క కాడ తోలు ఎర్రగయితే వేలు పెట్టి ఒత్తేది. ఒత్తి వదిలితే తెల్లగై మళ్ల ఎర్రగైతే భయం లేదన్నా, ఒత్తినా తెల్లగ కాకుంటే పుండు లోపల మొదలైనట్టు, అని నా వేలు పట్టి ఒత్తిపిచ్చి చూపిచ్చింది. అమ్మకు సెలైన్ పెట్టాలంటే నరం దొరకకపోయేది, పగటి పూట ఇద్దరు గుచ్చి గుచ్చి వదిలేసిండ్రు, ఈమె మంచం పక్కన కూసొని అమ్మ చెయ్యి కిందికి యేలాడదీసి, మణికట్టు పైన రబ్బరు కట్టి, రెండు వేళ్లతోటి మెల్లగ తట్టుకుంట ఏదో ముచ్చట వెట్టేది, అమ్మ ఆ ముచ్చటల ఉండంగనే సూది పోయేది. తర్వాత గడియారం చూసుకుంట చుక్కలు లెక్కవెట్టేది. అర లీటరు నాలుగు గంటల్ల పోవాలంటే, ఎంఎల్‌కు 20 చుక్కలు పడే సెలైన్ పైపు అయితే నిమిషానికి 42 చుక్కల దాకా పడాలె, ఎక్కువ పోతే ముసలి గుండె ఆగమైతది అన్నది.

ఒకనాడు రాత్రి రెండున్నర ప్రాంతంల నేను మంచం కోడుకు తల ఆనిచ్చి నిద్రపోయిన, ఆమె రెండు మంచాల అవతల నుంచి అమ్మ గురక మారిందని గుర్తువట్టింది. చెవులతోటి గుర్తువట్టింది తమ్మీ, మిషిన్ లేదు ఏం లేదు. ఉరికొచ్చి పక్కకు తిప్పి, నోట్ల పైపు వెట్టి గళ్ల తీసి, ఆక్సిజన్ పెట్టి, డ్యూటీ డాక్టర్‌ను లేపింది. ఆయన గూడ పాపం వెంటనే వచ్చిండు, చెయ్యాల్సింది చేసిండు. పొద్దుగాల రౌండ్స్‌ల పెద్దసారు వచ్చి ఫైలు చూసి గండం గడిచింది అన్నడు, మేం అన్నదమ్ములం ముగ్గురం ఆయన కాళ్లు మొక్కినం. అప్పటికి ఎనిమిది దాటింది, ఆమె పొద్దటోళ్లకు వార్డు అప్పజెప్పి ఆటో ఎక్కి పోయింది. డిశ్చార్జి నాడు సారుకు శాలువా కప్పినం, స్వీటు డబ్బా ఇచ్చినం. ఆమె పేరు మేం అడగలే. 23 రోజులు. అమ్మ వీపు మీద ఒక్క పుండు లేకుంట ఇంటికొచ్చింది, ఇంకో నాలుగేండ్లు బతికింది, బతికినన్ని రోజులు "ఆ పిల్ల చెయ్యి సల్లగుండేది" అని యాది చేసేది, పేరేంది బిడ్డా అని నన్ను అడిగేది, నాకు చెప్పరాకపోయేది.

చూసినవా, నేను గూడ ఆమెకు "వచ్చింది, పోయింది" అనే రాసిన. మన దిక్కు దగ్గరోళ్లను అట్లనే అంటం, అమ్మ వచ్చింది అంటం గని అమ్మ వచ్చిండ్రు అనం. గాబట్టి "వచ్చింది" అనుడే తప్పు అని నేను చెప్తలేను. మర్యాద అయినా ఉండాలె, దగ్గరితనం అయినా ఉండాలె, నీ కథల ఆమెకు ఆ రెండిట్ల ఏదీ లేదు, అదే నా బాధ.

ఇంకోటి, నేను ఇట్ల చెప్పిన అని రెండో డ్రాఫ్ట్‌ల ఆమెను దేవతను చెయ్యకు. తెల్లబట్టల దేవత, త్యాగమూర్తి, అవి చదివి చదివి యాష్టకొచ్చింది. దేవతకు జీతం అక్కర్లేదు గదా అనేటోళ్లకు ఆ మాట మస్తు పనికొస్తది. 2016ల సుప్రీంకోర్టు చెప్పినంక కేంద్రం ఒక కమిటీ వేసింది, 50 మంచాల లోపు చిన్న ప్రైవేటు దవాఖాన అయినా నర్సుకు నెలకు 20 వేలకు తక్కువ ఇయ్యొద్దు, 200 మంచాలు దాటితే ఆ రాష్ట్ర సర్కారు నర్సుతోటి సమానంగ ఇయ్యాలె అని ఆ కమిటీ చెప్పింది. చెప్పి ఇన్నేండ్లైనా, మా గల్లీల కిరాయికుండే పిల్ల ఒక ప్రైవేటు దవాఖానల చేస్తది, ఆ 20 వేలల్ల సగమే చేతికొస్తది, అది గూడ పదో తారీకు దాటినంక. కరోనాల 2020 మార్చి 22న సాయంత్రం అయిదింటికి మనమంతా బయటికొచ్చి పళ్లాలు కొట్టినం, చప్పట్లు కొట్టినం, నెల తిరగక ముందే కిరాయికున్న నర్సులను, డాక్టర్లను ఇండ్లు ఖాళీ చెయ్యమన్నరు, దాడులు జేస్తే జైలని ఏప్రిల్‌ల కేంద్రం ఆర్డినెన్స్ తేవాల్సొచ్చింది. ఆ చప్పట్లు కొట్టినోళ్లల్ల ఇంటి ఓనర్లు గూడ ఉన్నరు. ఇసొంటి సంగతులు నీ కథల చెప్పాలని కాదు, గని నీకు ఎరుక ఉండాలె, ఆమె విసుక్కున్నది అని రాసేముందు ఎందుకు విసుక్కున్నదో నీకు తెల్వాలె. నీ కథల రాత్రి అది, వార్డుల ఎంతమంది ఉన్నరు? ఆమె ఎన్ని గంటల నుంచి నిలబడ్డది? రాత్రి ఎనిమిది నుంచి పొద్దున ఎనిమిది దాకా పన్నెండు గంటల డ్యూటీ అయితే నువ్వు రాసిన నాలుగు గంటల జాముకు ఆమె కాళ్లు ఎట్లుంటయ్?

2018 మేల కేరళల నిఫా వైరస్ జబ్బు వచ్చినప్పుడు పేరాంబ్ర తాలూకా దవాఖానల లినీ అనే నర్సు రోగికి సేవ చేసి అదే జబ్బుతోటి సచ్చిపోయింది. సచ్చిపోయే ముందు ఐసీయూల నుంచి మొగనికి చీటీ రాసింది. దాంట్ల దేశం లేదు, త్యాగం లేదు, పిల్లలను మంచిగ చూస్కో, చిన్నోణ్ణి గల్ఫ్‌కు తీస్కపో, ఒంటరిగ ఉండకు అని ఉన్నది. ఆ చీటీ ముందట దేవత అనే మాట ఎంత చిన్నదో చూడు.

అరుణా శాన్‌బాగ్ సంగతి గూడ చదువు. ముంబై కేఈఎం దవాఖానల నర్సు, 1973ల అదే దవాఖానల పనిచేసే ఒక స్వీపర్ ఆమె మీద దాడి చేస్తే మెదడు దెబ్బతిని మంచాన పడ్డది, 2015 మేల పోయేదాకా దగ్గర దగ్గర 42 ఏండ్లు అదే దవాఖానల ఉన్నది. ఆమెకు కారుణ్య మరణం ఇయ్యమని కేసు వేస్తే 2011 మార్చిల సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది, ఆ తీర్పు గురించి వకీళ్లు, జర్నలిస్టులు మస్తు రాసిండ్రు. తినిపిచ్చి, తుడిచి, పక్కకు తిప్పి, తీసుకపోవద్దు ఆమె మా మనిషి అని నిలబడ్డది ఆ దవాఖాన నర్సులు. కొత్తగ ఉద్యోగంల చేరిన పిల్లలు, ఆమె పడిపోయిననాడు పుట్టని పిల్లలు గూడ చూసుకున్నరు. 42 ఏండ్లు రోజుకు ఎన్నిసార్లు తిప్పిండ్రో లెక్కవేసి చూడు. మా అమ్మను 23 రోజులు తిప్పినందుకే నా రెక్కలు పడిపోయినయ్.

డాక్టర్‌ను మాత్రం చెడ్డోణ్ణి చెయ్యకు, అది ఇంకో సులువు దారి, అటు పోకు. నాలుగున్నరేండ్లు ఎంబీబీఎస్, ఏడాది హౌస్ సర్జన్, మళ్ల మూడేండ్లు పీజీ సదివి, ఒక్క నిర్ణయం తప్పైతే పాణం పోతదని తెలిసి నిలబడే మనిషి ఆయన, ఆయన గౌరవం ఆయనకు ఉండాల్సిందే. నీ కథల ఆయన పోర్షన్ల ఒక్క లైను గూడ తగ్గించకు. రౌండ్స్‌ల ఆయన రాత్రి ఎట్లుండె అని అడిగినప్పుడు జవాబు ఎవరిస్తరు, ఆ జవాబు మీదనే ఆయన మందు మారుస్తడు గదా, ఆ ఒక్క సీను రాస్తే చాలు, ఇద్దరూ నిలబడ్తరు.

రాసేముందు ఒక పని చెయ్యి. నల్లగొండ దవాఖానకు పో, పొద్దుగాల ఏడున్నరకు. రోగులు కాదు, నర్సులు కనవడాలె నీకు. రాత్రోళ్లు పొద్దటోళ్లకు మంచం మంచం కాడ నిలబడి అప్పజెప్తుంటరు, ఈయనకు జ్వరం దిగలే, ఈమెకు ఉచ్చ తక్కువైంది, పదో మంచం ఆయన రాత్రంత ఏడ్చిండు అని. పది నిమిషాలు బయట వరండాల నిలబడి విను, నీకు డైలాగులు రాసే పనే ఉండది. ఫోన్ల రికార్డు చెయ్యకు, రోగుల ముచ్చట్లవి, చెవితోటి విను. వాళ్లు ప్లాస్టర్ మీద పెన్నుతోటి తారీకు, టైము రాస్తరు, చేతి వెనుక సూది పెట్టినప్పుడు, అది చూడు. శానిటైజర్ తోటి పగిలిన వేళ్లు చూడు. ఆ తర్వాత ఎనిమిదింటికి గేటు కాడ చాయ్ బండి ఉంటది, డ్యూటీ దిగినోళ్లు కొంతమంది అక్కడ ఆగుతరు. కథ రాస్తున్న అని చెప్పు, దాచిపెట్టకు, ముందు పేరు అడుగు. ఎక్కువసేపు ఆపకు, వాళ్లకు నిద్ర ఉంటది, ఇంటికి పోయి పిల్లలకు టిఫిన్ డబ్బాలు గట్టాల్సిన వాళ్లు ఉంటరు.

దసరా లోపల రెండో డ్రాఫ్ట్ పంపు. ఆటో పేజీలు మాత్రం ముట్టుకోకు, మళ్ల చెప్తున్న.

నీ పెద్దన్న