అమెరికా ప్రజాజీవితంలో క్రైస్తవం పట్ల శత్రుభావం ఉందా?

కొన్ని సందర్భాల్లో ఉంది, దానికి సుప్రీంకోర్టు తీర్పే సాక్ష్యం. స్వలింగ జంట పెళ్లికి కేకు తయారుచేయడం తన విశ్వాసానికి విరుద్ధమని నిరాకరించిన కొలరాడో బేకరీ యజమాని జాక్ ఫిలిప్స్ వ్యవహారంలో, బానిసత్వాన్ని సమర్థించడానికి కూడా మతస్వేచ్ఛను వాడుకున్నారని దాన్ని విచారించిన ఆ రాష్ట్ర పౌరహక్కుల కమిషన్ సభ్యుడొకరు బహిరంగ విచారణలోనే అన్నారు. ఆ తీరు మతం పట్ల శత్రుభావమేనని 2018లో కోర్టు 7-2 మెజారిటీతో తేల్చింది. విశ్వాసిని అలా చిన్నబుచ్చడం అన్యాయమే.

అయితే దీన్ని దేశవ్యాప్త అణచివేత అనలేము. అమెరికన్ కాంగ్రెస్ సభ్యుల్లో అత్యధికులు క్రైస్తవులే. ఆట ముగిశాక మైదానం మధ్యలో మోకరిల్లి ప్రార్థించిన వాషింగ్టన్ రాష్ట్రంలోని బ్రెమర్టన్ పట్టణ ప్రభుత్వ పాఠశాల ఫుట్‌బాల్ కోచ్‌కు 2022లో అదే కోర్టు 6-3తో అండగా నిలిచింది. నా దృష్టిలో, ప్రభుత్వ పాఠశాలల్లో అధికారిక ప్రార్థన చెల్లదన్న 1962 నాటి తీర్పు మొదలుకొని ఒకప్పటి ప్రత్యేక స్థానం తగ్గుతూ రావడాన్నే చాలామంది శత్రుత్వంగా భావిస్తున్నారు.