మేకపిల్లను గీస్తూ కూర్చున్న పాపకు ఏం చెప్పాలి?

ప్రశ్న: మా పాప ఇంటర్ ఫస్టియర్ ఎంపీసీ. టెన్త్ దాకా క్లాసులో మొదటి అయిదుగురిలో ఉండేది. ఆరు నెలలుగా కంప్యూటర్‌లో చిన్న చిన్న గళ్లు నింపుతూ ఒక మేకపిల్లను గీస్తోంది. అది నడవాలట, ఎగరాలట, గేమ్‌లో పెడుతుందట. మార్కులు తగ్గాయని ల్యాప్‌టాప్ తీసి బీరువాలో పెట్టాం. అప్పటి నుంచి మాతో సరిగా మాట్లాడటం లేదు. ఇంటర్ అయ్యాక నాలుగు లక్షల యానిమేషన్ కోర్సులో చేరతానంటోంది. బీటెక్ మంచిదా, యానిమేషన్ మంచిదా పోల్చి చెప్పండి. బంధువులు అడిగితే ఏం చెప్పాలో తెలియక టెన్షన్‌గా ఉంది. తను చేసిన క్లిప్పులు రెండు పంపుతున్నాను, మీరే చూడండి.
ఒక తల్లి, జనగామ

జవాబు: అమ్మా, మీరు ఫిర్యాదుకు రుజువుగా పంపిన ఆ క్లిప్పులను నేను పదిసార్లయినా చూసి ఉంటాను. బీటెక్కా, యానిమేషనా అన్నది తర్వాత మాట్లాడుకుందాం. మీ పాప ఏం చేస్తోందో ముందు మీకు చెప్పాలి. మీ ఉత్తరంలో మార్కులున్నాయి, ఫీజు ఉంది, బంధువులున్నారు. మేకపిల్ల గురించి మాత్రం ఒకట్రెండు ముక్కలే ఉన్నాయి.

అడ్డం 32 గళ్లు, నిలువు 32 గళ్లు, మొత్తం 1024. ఆ కాస్త చోటులోనే గోధుమరంగు మేకపిల్ల, పొట్ట మీద ఒక తెల్ల మచ్చ. కన్నంటే ఒకే ఒక్క నల్ల గడి. నడకకు ఎనిమిది బొమ్మలు గీసింది, ఒక్కోటి సెకనులో పదో వంతు కనిపిస్తుంది. అంటే సెకను కూడా నిండని నడక కోసం అన్ని రాత్రులు కూర్చుంది. రెండో క్లిప్పులో అది గాల్లోకి ఎగిరి దిగుతుంది. కాళ్లు నేలను తాకిన తర్వాతి బొమ్మలో చెవులు కిందికి వాలతాయి. ఒళ్లు ఆగింది, చెవులు ఇంకా ఆగలేదు. మేకపిల్లల దగ్గర కూర్చుని చూసిన పిల్లకే అది తెలుస్తుంది.

నడకలో మాత్రం ఒక తప్పుంది. ఈ రంగంలోకి వెళ్లిన పిల్లలు నాకు నేర్పిన సంగతి ఇది. పాప బొమ్మలో ముందు కుడికాలు, వెనక ఎడమకాలు ఒకేసారి లేస్తున్నాయి. మేక గబగబా ఉరికేటప్పుడు అలా వేస్తుంది. తీరిగ్గా నడిచేటప్పుడు నాలుగు కాళ్లూ వేరువేరుగా పడతాయి: వెనక ఎడమ, ముందు ఎడమ, వెనక కుడి, ముందు కుడి. ఇంకోటి, వెనక కాలిలో వెనక్కి వంగినట్టు కనిపించేది మోకాలు కాదు, మడమ. అసలు మోకాలు పైన పొట్ట దగ్గర ఉంటుంది. ఈ రెండూ దిద్దుకుంటే నడక మారిపోతుంది.

తప్పు చేసిందని చిన్నబుచ్చుకోవద్దని పాపకు చెప్పండి. పరుగెత్తే గుర్రం నాలుగు కాళ్లూ గాల్లో ఉండే క్షణం ఉందా లేదా అన్నది 1878లో కాలిఫోర్నియాలో మైబ్రిడ్జ్ అనే ఫొటోగ్రాఫర్ వరసగా కెమెరాలు పెట్టి తీసేదాకా తేలలేదు. గాల్లో ఉన్నప్పుడు కాళ్లు పొట్ట కిందికి ముడుచుకుని ఉంటాయని అప్పుడు కనపడింది. అంతకుముందు పేరున్న చిత్రకారులు కూడా కాళ్లను ముందుకూ వెనక్కూ బార్లా చాపి గీసేవారు. రోజూ గుర్రాలను చూసినవాళ్లే పొరబడ్డారు. పదహారేళ్ల పిల్ల మేక దగ్గర పొరబడితే తప్పేముంది?

గేమ్‌లో ఇంకా చిక్కులున్నాయి. సినిమాలో అయితే ఎగిరే ముందు మేక వంగడానికి కావలసినంత సమయం తీసుకోవచ్చు. గేమ్‌లో బటన్ నొక్కగానే ఎగరాలి, ఆలస్యమైతే ఆడేవాడికి చిరాకు. కాబట్టి ఆ వంగడాన్ని ఒక్క బొమ్మలో తేల్చేయాలి. నడకలో పాదం బొమ్మకు రెండు గళ్ల చొప్పున వెనక్కి జరుగుతుంటే గేమ్‌లో మేక కూడా సరిగ్గా అంతే ముందుకు జరగాలి. లెక్క తప్పితే మంచు మీద జారుతున్నట్టు ఉంటుంది. ఇందులో వేగం ఉంది, కాలం ఉంది, దూరం ఉంది. మీరు ఫిజిక్స్ మార్కులు తగ్గాయని బాధపడుతున్నారు, పాప అదే ఫిజిక్స్‌ను మేకపిల్ల మీద చేస్తోంది.

కాస్త కటువుగా చెప్తున్నాను, ఏమీ అనుకోకండి. ల్యాప్‌టాప్ బీరువాలో పెట్టే ముందు ఒక్కసారైనా పక్కన కూర్చుని "ఏం చేస్తున్నావు బిడ్డా" అని అడిగారా? అడగలేదని మీ ఉత్తరమే చెప్తోంది. మార్కులు తగ్గింది నిజమే, దాన్ని నేను కొట్టిపారేయను. కానీ ఆర్నెల్లు ఒకే పని మీద ఓపిగ్గా కూర్చున్న పిల్లను దారి తప్పినదానిలా చూశారు. పాప మాట్లాడకపోవడానికి కారణం యానిమేషన్ కాదమ్మా, ఆ బీరువా తాళం.

ఇక ఆ నాలుగు లక్షల కోర్సు. దాని మీద నాకు గట్టి అనుమానాలున్నాయి. నూరు శాతం ప్లేస్‌మెంట్ అని బోర్డు పెట్టిన చోట చేరి, అయిదారు సాఫ్ట్‌వేర్ల పేర్లు నేర్చుకుని, బొమ్మ గీయడం రాకుండానే బయటికొచ్చిన పిల్లలు నా దగ్గరికి వస్తూనే ఉన్నారు. ఒకబ్బాయి తన డెమో రీల్, అంటే ఉద్యోగానికి చూపించే పనుల వీడియో, నాకు చూపించాడు. అందులో ఉన్న గుర్రం వాళ్ల బ్యాచ్ అందరి రీల్‌లోనూ ఉందట. సంస్థ ఇచ్చిన ఫైల్‌కు రంగులు మార్చారంతే. వాళ్ల నాన్న పొలం మీద అప్పు తెచ్చి కట్టిన ఫీజు అది. ఆ రోజు నాకు అన్నం సయించలేదు.

పెద్ద కంపెనీలో ఉద్యోగమొస్తే ఇక ఢోకా లేదనుకోవడం కూడా పొరపాటే. హైదరాబాద్‌లోనూ స్టూడియో నడిపిన అమెరికా విజువల్ ఎఫెక్ట్స్ కంపెనీ రిథమ్ అండ్ హ్యూస్ 2013 ఫిబ్రవరిలో దివాలా పిటిషన్ వేసింది. అదే నెలలో వాళ్లు పనిచేసిన సినిమాకు విజువల్ ఎఫెక్ట్స్ ఆస్కార్ వచ్చింది. 2025 ఫిబ్రవరిలో టెక్నికలర్ అనే మరో విజువల్ ఎఫెక్ట్స్ కంపెనీ కుప్పకూలితే బెంగళూరులో పనిచేస్తున్నవాళ్లు ఉన్నట్టుండి రోడ్డున పడ్డారు. పైగా మన దగ్గరి స్టూడియోల్లో 3డీ పనే ఎక్కువ, పాప గీస్తున్నట్టు గళ్లు నింపి గీసే పిక్సెల్ బొమ్మ ఒక్కదాన్నే నమ్ముకుంటే అవకాశాలు తక్కువ. ఇప్పుడు ఏఐ కూడా వచ్చింది. ఒక బొమ్మ అడిగితే క్షణంలో గీసిస్తుంది. అదే మేకపిల్ల ఎనిమిది బొమ్మల్లోనూ అదే మేకపిల్లలా ఉందా, కాలు జారుతోందా అని పట్టుకునే కన్ను మనిషికి ఉండాలి. ఆ కన్ను సాధనతో వస్తుంది, ఫీజు కడితే రాదు.

స్టార్‌డ్యూ వ్యాలీ అనే గేమ్ కథ పాప మీకు చెప్పే ఉంటుంది. నా దగ్గరికి వచ్చే పిల్లల్లో చాలామంది చెప్తారు. ఎరిక్ బరోన్ అనే అమెరికా కుర్రాడు బొమ్మలు, సంగీతం, కోడ్ అన్నీ ఒక్కడే చేసి 2016లో విడుదల చేశాడు, కోట్ల కాపీలు అమ్ముడుపోయాయి. మిగతా సగం కథ మీరు చెప్పండి. అతను కంప్యూటర్ సైన్స్ డిగ్రీ చదివాడు. ఆ గేమ్‌కు నాలుగేళ్లకు పైనే పట్టింది. ఆ రోజుల్లో థియేటర్లో ప్రేక్షకులకు సీట్లు చూపించే పార్ట్‌టైమ్ పని చేశాడు.

పోల్చి చెప్పమన్నారు కదా, క్లుప్తంగా చెప్తాను. ఎంపీసీలో ఉంది కాబట్టి పాపకు ఏ దారీ మూసుకోలేదు. సీఎస్ఈ చదివితే గేమ్‌కు కోడ్ రాయగలుగుతుంది, బొమ్మలు మాత్రం తనే సాధన చేసుకోవాలి. పేరు చివర గేమింగ్ అని తగిలించిన బ్రాంచీలైతే సిలబస్ చూడకుండా చేరొద్దు. గీయడమే ప్రాణం అనుకుంటే హైదరాబాద్ మాసబ్‌ట్యాంక్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ (జేఎన్ఏఎఫ్ఏయూ)లో బీఎఫ్ఏ యానిమేషన్ ఉంది, అది ప్రభుత్వ యూనివర్సిటీ. ఐఐటీ హైదరాబాద్‌లో బీడెస్ అనే డిజైన్ డిగ్రీ ఉంది, దానికి యూసీడ్ అనే ప్రవేశ పరీక్ష రాయాలి. పరీక్షల తేదీలు, సిలబస్ పాప అయిదు నిమిషాల్లో వెతికి మీకే చెప్తుంది. వీటిలో ఏదీ ఇవాళ తేల్చాల్సిన పని లేదు. ఇంకా ఏడాదికి పైగా టైమ్ ఉంది.

బంధువులకేం చెప్పాలన్నారు. గేమింగ్ అనగానే వాళ్లకు డబ్బులు పెట్టి ఆడే రమ్మీ గుర్తొస్తుంది. ఆ పందెం ఆటలను నిషేధిస్తూ 2025 ఆగస్టులో పార్లమెంటు చట్టమే చేసింది. మా పిల్ల గేమ్ ఆడటం లేదు, తయారు చేస్తోంది అని చెప్పండి. చాలు.

ఇప్పుడు ల్యాప్‌టాప్ తీసి ఇచ్చేయండి. రాత్రి పదిన్నరకు మూసేయాలి, టెస్టులున్న వారం ముట్టుకోకూడదు. ఈ రెండూ హుకుంలా కాకుండా పాపతో కూర్చుని ఒప్పందంలా మాట్లాడుకోండి. ఖర్చేమీ లేదు. గీయడానికి లిబ్రేస్ప్రైట్, పిక్సెలోరమా, గేమ్‌లో పెట్టడానికి గోడో, మూడూ ఉచితమే. వేసవి సెలవుల్లోపు మేకపిల్ల నిలబడాలి, నడవాలి, ఎగరాలి, దిగాలి. ఒక చిన్న గట్టు దాటితే గేమ్ అయిపోవాలి. అది ఇంట్లో చిన్నపిల్లల చేతికిచ్చి ఆడించాలి. వాళ్లు ఎక్కడ విసుక్కున్నారో పాప రాసుకోవాలి. మొదలుపెట్టింది పూర్తి చేయగలదా, ఇంకొకరు తప్పు పట్టాక మళ్లీ కూర్చుని దిద్దగలదా అన్నది మీకూ తెలుస్తుంది, తనకూ తెలుస్తుంది. కోర్సుల మాట అప్పుడు మాట్లాడుకుందాం.

ల్యాప్‌టాప్ ఇచ్చేటప్పుడు ఒక్క ప్రశ్న అడగండి. మేకపిల్ల ఎడమవైపు నడుస్తున్నప్పుడు ఆ తెల్ల మచ్చ మనవైపు ఉన్న పొట్ట మీద ఉంది. కుడివైపు తిరిగితే గేమ్ అదే బొమ్మను అద్దంలోలా తిప్పేస్తుంది, మచ్చ కాస్తా రెండో పక్కకు దూకుతుంది. కొందరు ఎవరూ గమనించరులే అని వదిలేస్తారు, కొందరు మచ్చ లేని పక్కకు మళ్లీ ఎనిమిది బొమ్మలూ గీస్తారు. నువ్వేం చేస్తావని అడగండి. పాప ఏం చెప్పిందో నాకు రాయండి.