డిగాక్సిన్ వాడే పెద్దాయన ఉన్న ఇంట్లో లిల్లీ ఆఫ్ ది వ్యాలీ పెంచవచ్చా?

ప్రశ్న: మాది కూకట్‌పల్లి. బాల్కనీ కుండీల్లో పెంచాలని లిల్లీ ఆఫ్ ది వ్యాలీ దుంపలు ఆన్‌లైన్‌లో తెప్పించాను. నాటే ముందు కొన్ని వారాలు ఫ్రిజ్‌లో ఉంచాలట. మా మామగారు గుండెకు డిగాక్సిన్ వేసుకుంటారు. మూడేళ్ల బాబు ఉన్నాడు. ఇది విషపు మొక్క అంటున్నారు, నిజమేనా?
– ఒక పాఠకురాలు

జవాబు: నిజమేనమ్మా. నాటకముందే అడిగి మంచి పని చేశారు. బాబు పెద్దవాడయ్యే దాకా, మామగారు ఆ మందు వాడినన్నాళ్లూ మీ ఇంట్లో ఈ మొక్క వద్దు.

గుడిమల్కాపూర్‌లో దండలకు కొనే లిల్లీ పూలు వేరు, ఇది వేరు. చలిదేశపు మొక్క. విషగుణంలో మాత్రం మన పచ్చగన్నేరుకు దగ్గరి చుట్టం. ఆకు, పువ్వు, వేరు, ఎర్రటి పండు, చివరికి పూలు ఉంచిన గ్లాసులోని నీళ్లు కూడా విషమే. వాసన చూస్తే ఏమీ కాదు. లోపలికి వెళ్తేనే ప్రమాదం.

గుండె కండరాల కణాల్లో సోడియంను బయటకు తోసి పొటాషియంను లోపలికి లాగే ఏర్పాటు ఒకటి ఉంటుంది. ఈ మొక్కలోని కాన్వలాటాక్సిన్ దాన్ని అడ్డుకుంటుంది. డిగాక్సిన్ చేసేదీ అదే పని. మామగారి మాత్ర చూడండి, 0.25 మిల్లీగ్రాములో, అంతకంటే తక్కువో ఉంటుంది. అంత చిన్న మాత్రనే చాలామందికి వారంలో ఐదు రోజులు వేసుకుని రెండు రోజులు ఆపమంటాం. మందుకూ విషానికీ మధ్య ఎడం అంత తక్కువ. దాని మీద ఈ మొక్క రసం కొద్దిగా కలిసినా ఆయన గుండె తట్టుకోలేకపోవచ్చు.

నాకు బాల్కనీ కంటే మీ ఫ్రిజ్ గురించే ఎక్కువ దిగులు. కొసన మొగ్గ, కింద వేళ్లు ఉన్న ఆ ముక్కలు కవరులో మట్టితో మామిడల్లం పక్కన పడి ఉంటే, వంట హడావుడిలో ఎవరి చేతికి ఏది వస్తుందో చెప్పలేం. పైగా ఇంత చేసినా మన మే నెల ఎండకు ఆకులు మాడిపోతాయి.

చిన్నపిల్లలు, గుండె మందులు వాడేవారు, పెంపుడు జంతువులు లేని ఇళ్లలో ముచ్చటపడేవారు దుంపలను మూత ఉన్న డబ్బాలో, పేరు రాసి పెట్టాలి. చలికాలంలో నీడపట్టున, తేమ నిలిచే మట్టిలో నాటాలి. పూలు వాడిపోగానే కాడలు కత్తిరిస్తే పండ్లు కాయవు. మట్టి పని అయ్యాక చేతులు సబ్బుతో కడుక్కోవాలి.

ఎవరైనా నోట్లో పెట్టుకుంటే వాంతులు, కడుపునొప్పి, మసకచూపు, నాడి నెమ్మదించడం, గుండె లయ తప్పడం కనిపించవచ్చు. అవి వచ్చేదాకా ఆగకండి. ఉప్పునీళ్లు తాగించి వాంతి చేయించవద్దు. నోట్లో మిగిలింది తీసేసి, 108కి ఫోను చేసి, ఈసీజీ, ఐసీయూ ఉన్న ఆసుపత్రికి వెళ్లండి. మొక్క ముక్కను కవరులో వెంట తీసుకెళ్లి, ఎప్పుడు తిన్నారో, ఏ మందులు వాడుతున్నారో చెప్పండి. దీనికి పనిచేసే విరుగుడు ఇంజెక్షన్ మన దగ్గర అన్ని ఆసుపత్రుల్లోనూ దొరకదు, కాబట్టి తొందరగా చేరడం ముఖ్యం.

బాల్కనీలో వాసన కావాలనిపిస్తే మల్లె, సన్నజాజి పెట్టుకోండి. వచ్చిన దుంపలను ఈ రోజే గట్టిగా మూటకట్టి చెత్తబండికి ఇచ్చేయండి. బాబు తవ్వే కుండీల్లో మాత్రం వేయకండి.