"నేను వ్యాపారిని" అన్న భావన కొత్తవాళ్లకు ఎప్పుడు, ఎలా వస్తుంది?

వ్యాపారం చేస్తూ చేస్తూ, అవతలివాళ్లు మనల్ని వ్యాపారిగా చూడడం మొదలయ్యాక మెల్లగా వస్తుంది. కంపెనీ రిజిస్టర్ చేసిన రోజునే రాదు.

గుర్తింపు సగం మన మనసులో, సగం ఎదుటివాళ్ల చూపులో ఉంటుంది. "మీరేం చేస్తుంటారు?" అని అడిగితే మొదట్లో నోట్లోంచి పాత ఉద్యోగం పేరే వస్తుంది. చాలామంది తాము చూసిన వ్యాపారుల మాటతీరును, ధర చెప్పే పద్ధతిని అనుకరిస్తారు. నప్పింది ఉంచుకుంటారు, నప్పనిది వదిలేస్తారు. ఈలోగా ముక్కూమొహం తెలియని కస్టమర్ బేరమాడకుండా కొంటాడు, సప్లయర్ అప్పు మీద సరుకు పంపుతాడు. అన్నిటికంటే గట్టిది, నా ఉద్దేశంలో, నెలాఖరున మొదటి ఉద్యోగికి జీతమివ్వడం. ఆ టెన్షన్ పడ్డాక ఇక "ఊరికే ట్రై చేస్తున్నా" అనడం కుదరదు.

ఫిల్ నైట్ సంగతే చూడండి. 1964లో తన పాత పరుగు కోచ్ బిల్ బోవర్‌మన్‌తో కలిసి బ్లూ రిబ్బన్ స్పోర్ట్స్ అనే బూట్ల కంపెనీ మొదలుపెట్టాడు, తర్వాత నైకీ అయింది అదే. పరుగుపందేలు జరిగేచోట కారులోంచి బూట్లు అమ్ముతూనే అకౌంటెంట్‌గా పనిచేశాడు, కొన్నాళ్లు అకౌంటింగ్ పాఠాలూ చెప్పాడు. పూర్తిగా కంపెనీలోకి వచ్చింది 1969లో.

వ్యాపారి లక్షణం పుట్టుకతో రావాలనీ, ముందు ఆ నమ్మకం కుదిరితేనే దిగాలనీ చాలామంది అనుకుంటారు. నిజానికి వరస తిరగబడి ఉంటుంది: పని ముందు, నమ్మకం తర్వాత. మొదట్లో "నేను నటిస్తున్నానేమో" అనిపిస్తే అది పనికిరానితనం కాదు, పాత గుర్తింపు ఇంకా వదల్లేదంతే.