వంగ ఆకు మీది చుక్కల పురుగు

అక్కా, పర్లాకిమిడిలో మీ పెరటి వంగ మీద వాలిన చుక్కల పురుగు అక్షింతల పురుగేనా, చంపాలా వద్దా అని అడిగారు. ఆకు పచ్చదనమంతా గీకేసి జల్లెడలా చేసిందన్నారు కదా, అయితే అది ఎపిలాక్నా పెంకుపురుగే. పంటకు చేటు. వీపు మీద సన్నని నూగు ఉంటుంది, మెరుపు ఉండదు, చుక్కలు 28 దాకా ఉంటాయి. మొక్కల రసం పీల్చే పేనుబంక పురుగులను తినే అక్షింతల పురుగు నున్నగా మెరుస్తుంది, దాన్ని మాత్రం దయచేసి చంపకండి.

ఆకు అడుగున పసుపు గుడ్ల గుంపులు, ముళ్లముళ్లగా పిల్లపురుగులు కనిపిస్తే ఆ ఆకులు తుంచేయండి. పొద్దున్నే మొక్కను దులిపి, పడ్డవాటిని సబ్బునీళ్లలో వేయండి. ఇంకా మిగిలితే సాయంత్రం లీటరు నీటికి 5 మి.లీ. వేపనూనె, కాస్త సబ్బు కలిపి ఆకుల అడుగు తడిసేలా కొట్టండి. ఇంట్లో తినే వంకాయకు ఘాటు మందులు వద్దక్కా. పక్కన టమాటా ఉంటే ఆ ఆకులూ తిప్పి చూడండి.