కుక్కపిల్లను ఇచ్చిన తర్వాతి పని

బిడ్డా,

మీరు నలుగురు దోస్తులు కలిసి పాలమూరులో కుక్కలను కాపాడే పని పెట్టుకున్నారని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. సంతోషపడ్డాను. ఇంటి వెనక రేకుల షెడ్డులో అప్పుడే పదిహేడు కుక్కలున్నాయని కూడా చెప్పింది. అప్పుడు మాత్రం నాకు టెన్షన్ పట్టుకుంది. ఫోన్లో చెబితే "సరే పెద్దనాయినా" అని పెట్టేస్తావు, అందుకే రాస్తున్నాను.

ఉద్యోగాలు చేసుకుంటూ నలుగురు చూడగలిగేది ఆరు కుక్కలను. నా లెక్క ఇది. నువ్వు ఎనిమిది అంటావేమో, సరే ఎనిమిది. పదిహేడు మాత్రం కాదు. రోడ్డు మీద కనిపించే ప్రతి కుక్కకూ షెడ్డు అక్కర్లేదు. గాయానికి పురుగులు పడితే తీసి, స్ప్రే కొట్టి, రోజూ పోయి చూసి వస్తే చాలావరకు అది తన వాడలోనే మానుతుంది. బండి గుద్ది నడుము పడిపోయినవి, తల్లి లేని పిల్లలు, వీటికే చోటు దాచిపెట్టు.

చోటు ఇరుకైతే ఏమవుతుందో నా చేతులతో చేసిన తప్పే చెబుతాను. ఒక ఏడాది నకిరేకల్ రోడ్డు పక్కన దొరికిన పిల్లను తెచ్చి, నేరుగా మిగతా ఐదింటి మధ్య వదిలాను. చలాకీగానే ఉండె. నాలుగో రోజుకు వాంతులు, నెత్తురు విరేచనాలు. వారం తిరగకముందే ఆరింటిలో ఐదు పోయాయి. పార్వో, కుక్కపిల్లలను చంపే వైరస్ జబ్బు. పశువుల దవాఖానలో కాంపౌండరుగా పనిచేసినవాణ్ణి, తెలియక కాదు, ఒక్క రాత్రే కదా అనుకున్నాను. ఆ తర్వాత షెడ్డంతా ఫినాయిల్‌తో కడిగి, నెల ఆగి కొత్త పిల్లలను పెట్టాను. వాటికీ వచ్చింది. వాసనకు మనకు శుభ్రమైనట్టు ఉంటుంది కానీ ఫినాయిల్‌ను నమ్మి పార్వో మీదికి పోవద్దు. ఆ వైరస్ నేలలో నెలల తరబడి బతుకుతుంది. ముందు మురికి కడిగేసి, ఒక వంతు బ్లీచ్ ద్రావణానికి 30 వంతుల నీళ్లు కలిపి, నేల పది నిమిషాలు తడిగా ఉండేలా పోయాలి. కొత్తగా వచ్చిన పిల్లను రెండు వారాలు వేరే చోట ఉంచు. గిన్నె వేరు, నువ్వు వేసుకునే చెప్పులు కూడా వేరు.

రెండు వారాల వయసు నుంచే నట్టల మందు పట్టించాలి. పార్వో, డిస్టెంపర్ (అదీ కుక్కలకు వచ్చే వైరస్ జబ్బే) సూది 6 నుంచి 8 వారాల మధ్య మొదలుపెట్టి, మూడు నాలుగు వారాలకొకసారి 16 వారాలు నిండేదాకా వేయించాలి. రేబిస్ సూది మూడు నెలలకు. జూలై 6న సర్కారు పశువుల దవాఖానల్లో రేబిస్ టీకా ఉచితంగా వేస్తారు, ఆ రోజు ఆటో మాట్లాడుకుని అందరినీ తీసుకుపో.

చిత్తకార్తె కుక్కలని ఊరికే అనలేదు పెద్దలు. అక్టోబరు నడుమ కట్టిన కడుపులు రెండు నెలలకు ఈనతాయి. సంక్రాంతి సెలవుల్లో పిల్లలు ఆ కండ్లు తెరిచిన కూనలను ఎత్తుకుపోతారు. బడి తెరవగానే ఇంట్లోవాళ్లు బయట పెడతారు. ఆవు పాలు తాగి విరేచనాలు పట్టుకున్న పిల్లలు మీ దగ్గరికి వచ్చేది అప్పుడే. శివరాత్రి దాకా, అంటే ఎనిమిది వారాలు నిండేదాకా తల్లి దగ్గరే ఉండనివ్వమని వాడవాడకూ చెప్పి చూడు. వినేవాళ్లు తక్కువే, అయినా చెప్పు.

ఇక నేను రాయాలనుకున్న అసలు సంగతి. కుక్కను ఒకరికి ఇచ్చి ఫోటో దిగగానే పని అయిపోయిందనుకుంటారు మీ వయసు వాళ్లు. నేనూ అట్లాగే అనుకునేవాణ్ణి. దేవరకొండ దిక్కు ఒక బత్తాయి తోటాయనకు మంచి ఎర్ర కుక్కను ఇచ్చాను. అడవి పందులు వస్తున్నాయి, కాపలాకు కావాలన్నాడు. మూడు నెలలు ఫోన్ చేయలేదు. పోయి చూస్తే మోటారు రేకుల పక్కన గొలుసుతో కట్టేసి ఉంది, గిన్నెలో నీళ్లు లేవు, చెవుల నిండా పిడుదులు. తోటాయనను పదిమందిలో నానా మాటలు అన్నాను. మర్నాడు పోయేసరికి కుక్క లేదు. "నీ కుక్కను నువ్వే వెతుక్కో" అన్నాడు. గొలుసు విప్పి తరిమేశాడు. ఎంత తిరిగినా దొరకలేదు. ఆయన తప్పు ఉంది, కాదనను. కానీ మొదటి వారంలోనే నేను పోయి ఉంటే, పొద్దంతా కట్టేస్తే కుక్క కరిచేదిగా తయారవుతుందని నెమ్మదిగా చెప్పి ఉంటే, వినేవాడేమో.

అప్పటినుంచి ఇచ్చిన రాత్రే ఫోన్ చేస్తాను. మళ్లీ మూడో రోజు, పదో రోజు, నెలకు. "కుక్క బాగుందా" అని అడగొద్దు, బాగుందనే చెబుతారు. రాత్రి ఎక్కడ పడుకుంది, పొద్దున ఏం తిన్నది, ఎవరు బయటికి తీసుకుపోయారు, ఇట్లా అడుగు. కొత్త ఇంట్లో కుక్క రెండు మూడు రోజులు సరిగా తినదు, మంచం కింద దూరుతుంది, రాత్రంతా ఏడుస్తుంది. ఈ మాట ముందే చెప్పకపోతే మూడో రాత్రికి పక్కింటివాళ్లు తిడతారు, నాలుగో రోజు కుక్క రోడ్డు మీద ఉంటుంది.

ఇచ్చేముందు అడగాల్సింది అడిగేవాడిని కాదు, ఇంట్లో వండే మనిషిని. కిరాయి ఇల్లయితే ఓనరును కూడా. మీ దిక్కు ఇంకొకటి తప్పక అడుగు: పనికి బొంబాయి, పుణె పోతారా? పోతే అన్నం పెట్టేదెవరు? వలస పోయేవాళ్లకు ఇవ్వొద్దని కాదు నేననేది. ముసలవ్వ ఒక్కతే ఉన్న ఇంట్లో కుక్కలు హాయిగా బతకడం చూశాను. అవ్వకు నెలకింత బియ్యం, గుడ్లు అందేలా మీరు చూసుకోవాలి, అంతే. ఆడకుక్కయితే పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ మీరే చేయిస్తామని మాట ఇవ్వండి. వాళ్ల మీద వదిలితే మరో చిత్తకార్తె వస్తుంది.

కొందరు కుక్కను ఇస్తూ "ఆడపిల్లను అత్తారింటికి పంపినట్టుంది" అంటారు. నాకు ఆ మాట నచ్చదు. ఆడపిల్ల తిరిగొస్తే ఊరు ఎట్లా చూస్తుందో మనకు తెలియదా? మన దగ్గర అట్లా ఉండకూడదు. కుక్కను తిరిగి తెచ్చినవాళ్లకు కుర్చీ వేసి, చాయ్ ఇచ్చి, ఏమైందో విను. తిట్టావనుకో, ఆ వాడలో ఇంకెవరూ తిరిగి తేరు, హైవే దగ్గర దించి వస్తారు. ఆ ఖాళీ ఉండాలనే ఆరు అంటున్నాను.

కరిస్తే పసరు, కారం, సున్నం ఏదీ పెట్టొద్దు. పారే నీళ్లతో సబ్బు పెట్టి 15 నిమిషాలు కడిగి, ఆ రోజే దవాఖానకు పోవాలి. బొడ్డు చుట్టూ సూదులనే భయం పాతది, ఇప్పుడు చేతికే వేస్తారు. మీరు నలుగురూ ముందుగానే రేబిస్ టీకా వేసుకోండి: మొదటి రోజు, 7వ రోజు, తర్వాత 21 లేదా 28వ రోజు. వేసుకున్నా, కరిస్తే మళ్లీ రెండు డోసులు తప్పవు.

కుక్కలంటే భయపడేవాళ్లతో గొడవ పెట్టుకోవద్దు. పిల్లలు ఆడేచోట, మెట్ల దగ్గర వీధికుక్కలకు అన్నం పెట్టొద్దని కేంద్రం తెచ్చిన 2023 జంతు జనన నియంత్రణ నిబంధనల్లోనే ఉంది. బడులు, దవాఖానలు, బస్టాండ్లలో పట్టిన కుక్కలను తిరిగి అక్కడే వదలొద్దని 2025 నవంబరులో సుప్రీంకోర్టు చెప్పింది, అందుకే అట్లాంటి చోట కుక్కల సంగతి మున్సిపాలిటీతో మాట్లాడే చేయండి. పైసల లెక్క నోట్‌బుక్కులో రాసి ఇద్దరు సంతకం పెట్టండి.

నా దగ్గర ఇనుప బోనులు రెండు ఊరికే పడి ఉన్నాయి. ఆదివారం కల్వకుర్తి, దేవరకొండ మీదుగా వచ్చి తీసుకుపో. మూడు కాళ్ల నల్ల కుక్కను ఎవరూ తీసుకోవడం లేదట కదా, దాన్నీ వెంట తేవాలా వద్దా అనేది శనివారం ఫోన్ చేసి చెబుతాను. మీ పెద్దమ్మను ఇంకా అడగలేదు.

పెద్దనాయిన
నల్లగొండ