విషువత్తు నాడు పగలు ఏడు నిమిషాలు ఎక్కువెందుకు?

ప్రశ్న: మార్చి 20న విషువత్తు కనుక పగలు, రాత్రి సమానమని మా అమ్మాయి పాఠ్యపుస్తకంలో ఉంది. ఆ రోజు మా ఊళ్లో సూర్యోదయం 5.55కు, అస్తమయం 6.02కు అని పత్రికలో వేశారు. పైగా మా ఒడియా ఇరుగుపొరుగువారు మహావిషువ సంక్రాంతిని ఏప్రిల్ 14న చేసుకుంటారు. ఏది నిజం?
— ఒక పాఠకురాలు, బరంపురం, గంజాం జిల్లా

జవాబు: పుస్తకంలోనూ పత్రికలోనూ తప్పు లేదు. భూమి అక్షం 23.4 డిగ్రీలు వాలి ఉన్నా, విషువత్తు నాడు ఏ ధ్రువమూ సూర్యుడి వైపు మొగ్గి ఉండదు గనుక వెలుగు చీకట్ల సరిహద్దు రెండు ధ్రువాల మీదుగా సాగి, ప్రతి అక్షాంశ వృత్తాన్నీ సగానికి చీలుస్తుంది. అందుకే జూన్‌లో సుమారు పదమూడుంపావు గంటల పగలుండే మీ ఊరికీ, దాదాపు 19 గంటల పగలుండే ఓస్లో నగరానికీ ఆ రోజు ఇంచుమించు ఒకే పగలు దక్కుతుంది.

అయితే ఈ లెక్క సూర్యుణ్ణి ఒక చుక్కగా భావించి, గాలి లేదనుకొని వేసినది. మనం బింబం పై అంచు తొంగిచూడగానే ఉదయమంటాం, ఆ అంచు కూడా మునిగితేనే అస్తమయమంటాం. గాలి చేసే పని ఇంకా పెద్దది. ఈసారి గోపాల్‌పూర్ ఒడ్డున తెల్లవారుజామున నిలబడి చూడండి: ఎర్రని బింబం అడుగు నీటిని అప్పుడే వీడుతున్నట్టు కనిపించే క్షణంలో, నిజానికి ఆ బింబం మొత్తం ఇంకా దిగంతానికి కిందే ఉంటుంది. కాంతి గాలిలో వంగి రావడం వల్లనే అది మన కంటికి అందుతుంది. ఈ రెండు కారణాలూ కలిసి మీ అక్షాంశంలో ఉదయం మూడున్నర, సాయంత్రం మూడున్నర నిమిషాల పగటిని కలుపుతాయి. మార్చిలో అక్కడ పగలు రోజుకు నిమిషానికి పైగా పెరుగుతుంది కాబట్టి, పగలు రాత్రి గడియారం ప్రకారం సమానమయ్యేది మార్చి 14 ప్రాంతంలో. భూమధ్యరేఖ మీదనైతే ఏడాది పొడవునా పగలు 12 గంటల 7 నిమిషాలే. సమానమైన రోజు అక్కడ రానే రాదు.

ఇక మహావిషువ సంక్రాంతి. ఆ పండుగను నక్షత్రాల మధ్య సూర్యుడుండే చోటును బట్టి లెక్కిస్తారు. భూమి అక్షం చూపే దిక్కు మెల్లగా మారుతున్నందున, ఆ నక్షత్రాలతో పోలిస్తే విషువత్తు సుమారు 72 ఏళ్లకు ఒక డిగ్రీ చొప్పున వెనక్కి జరుగుతోంది. సుమారు 1,700 ఏళ్ల కిందట రెండూ ఒకే రోజున వచ్చేవి కనుక, ఆ పేరు తప్పని నేననను. ఇప్పుడు తులసికోట మీద చిల్లుకుండ వేలాడదీసి, మారేడు పానీయమైన పణా పంచుకునే ఆ రోజు నాటికి బరంపురంలో పగలు 12 గంటల 34 నిమిషాల దాకా ఉంటుంది.